గురకకీ గురకకీ మధ్య

నేను ఒక స్టాండుని. చదువుకున్నవాళ్లు ట్రైపాడ్ అంటారు. ధర్మవరం ఫోటో స్టూడియోల్లో స్టాండు అనేవాళ్లు, ఆ పేరుకే నేను పలుకుతాను. మూడు కాళ్లు, ఒక మెడ, మెడ మీద ఎవరిదో ఒక కెమెరా. మనుషులకు రెండే కాళ్లిచ్చి, అంత బరువు తలకాయను అంత పైన పెట్టడంలో బ్రహ్మదేవుడు కాస్త తొందరపడ్డాడని నా అభిప్రాయం. అందుకే వాళ్లు ఒక్క క్షణం కుదురుగా నిలబడలేరు. నిలబడలేరు గనకే నేను పుట్టాను.

నా ఒంట్లోని అల్యూమినియం కిందటి జన్మలో ఏం చేసేదో ఖచ్చితంగా చెప్పలేను. ఏదో హాస్టల్లో అన్నం వండే డేగిసా అయ్యుంటుందని అనుమానం. నెత్తిన బరువుంటే నాకు కష్టమనిపించదు, ఖాళీగా ఉంటేనే అనిపిస్తుంది. ఆ డేగిసాను కరిగించి, గొట్టాలుగా లాగి, ఒక గొట్టంలో ఇంకోటి దూర్చి, నల్లరంగు పూసి, అట్టపెట్టెలో పెట్టి ధర్మవరం పంపారు.

అక్కడ నన్ను కొన్నాయన కరుణాకర్. ఇరవై రెండేళ్లు ఆయన కొలువులో ఉన్నాను. ఆయన నోట నేను ఎక్కువగా విన్న మాట "కదలద్దు". ఆ మాట అనడమే ఆలస్యం, ఎదురుగా కూర్చున్న మనిషికి ఎక్కడెక్కడో దురద పుట్టేది. పెళ్లికొడుకులకు ముక్కు, పెళ్లికూతుళ్లకు మెడ, పెద్దమనుషులకు మాత్రం ఉన్నట్టుండి ఏదో సలహా గుర్తొచ్చేది. ఆ గదిలో కదలనిదాన్ని నేనొక్కదాన్నే. అయినా ఏ ఆల్బంలోనూ నా ఫోటో లేదు.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి. స్టూడియో జిరాక్సు షాపైంది. నా మెడకు "ఫారములు నింపబడును" అని బోర్డు తగిలించారు. కెమెరా మోసిన మెడ అది. సరే, కానివ్వండి అనుకున్నాను. మూడో కాలు బిగుతు పోయి జారడం మొదలైంది అప్పుడే. మనసు జారితే కాలు ఊరుకుంటుందా?

అక్కడికి ఏవో కాగితాలు జిరాక్సు తీయించుకోవడానికి సువర్చల వచ్చింది. నలభై ఆరేళ్లు, ఫిజిక్సు డిగ్రీ, బ్యాంకు ఉద్యోగి చంద్రమౌళి గారి భార్య. ఆయనకు ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి గ్యాస్ కనెక్షన్‌తో సహా బదిలీ అయ్యే మనిషి. కాగితాల సంగతి మరిచి నన్నే చూస్తూ నిలబడింది.

"ఈ స్టాండు ఇస్తారా అన్నయ్యా?"

"తూకానికెయ్యాలనుకుంటాండ, తీస్కపో మ్మా. మూడో కాలు జారుతాది, చూసుకో."

"పర్లేదు, మా ఇంట్లో అన్నీ అలాంటివే," అంది సువర్చల.

ఇంటికి తీసుకెళ్లి చేసిన మొదటి పని, పాత కుక్కరు రబ్బరును రెండు మడతలేసి నా మూడో కాలు కీలుకు బిగించడం. రబ్బరు కుక్కరుకు పనికిరాదు, నేను జిరాక్సు షాపుకు పనికిరాను. ఇద్దరమూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డాం.

ఆవిడకు వాళ్ల తమ్ముడిచ్చిన పాత కెమెరా ఒకటుంది. కూతురు వదిలేసిన లాప్‌టాప్ ఉంది. కుక్కరు మొదటి కూతకీ మూడో కూతకీ మధ్య దొరికే సమయంలో ఫోటోల విద్య నేర్చుకుంటోంది. ఆవిడ కుస్తీ అంతా వంటింటి కిటికీతో. కిటికీ బయట వేపచెట్టు ఆకుపచ్చగా పడితే లోపల వంటిల్లు బొగ్గుల కొట్టులా నల్లగా పడేది. వంటిల్లు కనిపించేలా తీస్తే కిటికీ పొంగిన పాలలా తెల్లబోయేది. కంటికి రెండూ కనిపిస్తాయి, కెమెరాకు ఒక్కటే కనిపిస్తుంది. ఈ అన్యాయం ఆవిడ సహించలేకపోయింది.

దానికి మందు మూడు ఫోటోలు. అదే చోటు నుంచి, అదే చూపుతో వెంట వెంటనే తీయాలి. వెలుగు తక్కువగా ఒకటి, సరిపడా ఒకటి, ఎక్కువగా ఒకటి. తర్వాత మూడింటినీ లాప్‌టాప్‌లో ఒక్కటిగా కలపాలి. మొదటిదాన్నుంచి కిటికీ, రెండోదాన్నుంచి గోడలు, మూడోదాన్నుంచి గట్టు కింద చీకట్లో దాక్కున్న ఉల్లిపాయల బుట్ట. భర్తకు ఆవిడ చెప్పిన పద్ధతి నాకు బాగా నచ్చింది.

"మీ ముగ్గురు మేనత్తలూ ఒకే పెళ్లికి వెళ్లొచ్చారనుకోండి. ఒకావిడ నగలే చూస్తుంది. ఒకావిడ భోజనాలు చూస్తుంది. మూడో ఆవిడ మూలన ఎవరు ఏడుస్తున్నారో చూస్తుంది. ముగ్గురూ చెప్పింది కలిపితేగానీ మనకు పెళ్లి తెలీదు."

"ముగ్గురూ చెప్పేది వినాలా?" అన్నారు చంద్రమౌళి గారు భయంగా.

ఒక్కటే షరతు. ఆ మూడు క్లిక్కుల మధ్య ఏదీ కదలకూడదు. కెమెరా కదలకుండా నేను చూసుకుంటాను. మనుషుల సంగతి నా చేతుల్లో లేదు.

నా కథ అసలు మలుపు తిరిగింది ఎర్రగుంటపల్లెలో. తోలుబొమ్మల ఊరు. ఒకప్పుడు ఆ వీధిలో ప్రతి ఇంటా బొమ్మలాట ఆడేవారట. ఇప్పుడు అదే తోలుతో దీపాల బుట్టలు చేసి అమ్ముతున్నారు. సువర్చల అలాంటి బుట్ట కొనడానికే వెళ్లింది, నన్ను సంచిలో వేసుకుని. పొరపాటున ఓబుళమ్మ ఇంటి గుమ్మంలో ఆగింది.

డెబ్బై ఏళ్ల ఓబుళమ్మ తల కూడా ఎత్తలేదు. "బుట్టలు గావాలంటే పక్కింటి నాగన్న కాడికి పో మ్మా. ఈడ బొమ్మలాడిస్తాం."

"ఏం బొమ్మలు అవ్వా?"

"సచ్చిపోయిన మేక తోలుతో బతికుండే బొమ్మలు."

ఆ మాటతో సువర్చల చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. దీపాల బుట్ట ఇప్పటికీ కొనలేదు.

అవ్వ ఇంట్లో ఒక పద్ధతుంది. పగటిపూట సాధన చేయాలంటే పడమటి గుమ్మానికి తెల్ల పంచె కడుతుంది. నాలుగు గంటల ఎండ బయటి నుంచి పంచె మీద పడుతుంది. సూర్యుడే దీపం. లోపలి నుంచి బొమ్మను పంచెకు అదిమిపడితే తోలులోని ఎరుపులూ ఆకుపచ్చలూ రత్నాల్లా వెలుగుతాయి. పక్కనే నిలబడిన అవ్వ మాత్రం చీకట్లో ఉంటుంది. వంటింటి కిటికీ ఇక్కడా ఎదురైందన్నమాట.

అవ్వ ట్రంకుపెట్టెలోంచి రెండు కాగితాలు తీసింది. పట్నంలో పిల్లలకు బొమ్మలాట నేర్పే బడి పెడుతున్నారు. దానికి ఒక గురువు కావాలి. దరఖాస్తుతో ఒక ఫోటో పంపాలి. అందులో కళాకారుడి ముఖం, ఆడుతున్న బొమ్మ రెండూ స్పష్టంగా ఉండాలి. రెండు ఫోటోలు పక్కపక్కన అతికిస్తే చెల్లదు. నాగన్న తన ఫోన్లో మొదటిసారి తీసి పంపితే "ముఖము స్పష్టముగా లేదు" అని తిప్పి పంపారు. రెండోసారి ఫ్లాష్ వేసి తీశాడు. "బొమ్మ స్పష్టముగా లేదు" అని మళ్లీ తిరిగొచ్చింది.

"ముఖముంటే బొమ్మ లేదంట. బొమ్ముంటే ముఖం లేదంట," అంది అవ్వ. "నాకు ఉద్యోగం మింద ఆశ లేదు మ్మా. నేను పోతే ఈ పెట్టెలో ఉండేది వట్టి తోలు. యెవురికన్నా చేతిలో పెట్టి పోవల్ల. వచ్చే మంగళవారం దాటితే ఆ బడి ఇంకెవురికో పోతాది. దీపాల బుట్టలు నేర్పిచ్చేటోళ్లకి."

సువర్చల చీర కొంగు నడుముకు దోపింది. ఆవిడ కొంగు దోపిందంటే ఏదో ఒకటి ఉడికి తీరుతుంది.

"రెండూ వస్తాయి అవ్వా. నేను రప్పిస్తాను."

నన్ను నిలబెట్టింది. నా నడుం కింద కొక్కేనికి రెండు కేజీల కందిపప్పు సంచి వేలాడదీసింది, గాలికి ఊగకుండా. అవ్వ నాట్యగత్తె బొమ్మను తీసి పంచెకు అదిమింది. మూడు క్లిక్కులు. ఇంటికెళ్లి కలిపి, మర్నాడు తెచ్చి చూపించింది.

నాట్యగత్తెకు ఆరు చేతులు. అవ్వకు రెండు ముక్కులు.

అవ్వ చాలాసేపు చూసింది. "ఇంగ నాకు గుడి కట్టల్లగానీ బడెందుకు?"

మళ్లీ తీశారు. మళ్లీ చేతులే. అయిదుసార్లు ప్రయత్నించారు. సువర్చల బతిమాలింది, "రెండు సెకన్లు అవ్వా, రెండంటే రెండే సెకన్లు కదలకుండా పట్టుకోండి."

"పట్టుకున్యా గదా!"

పట్టుకున్నానని అవ్వ నమ్మకం. చెయ్యి మాత్రం వినదు. బొమ్మ పుల్ల వేళ్ల మధ్యకు రాగానే మణికట్టు దానంతటదే తిరుగుతుంది. యాభై ఏళ్ల అలవాటు. పైగా వాళ్ల ఇంటి కట్టు కూడా అదేనట: తెర మీద నిలిచిపోయిన బొమ్మ చచ్చిన బొమ్మ. మామగారు నేర్పిన మొదటి పాఠం. ఇరవై రెండేళ్లు "కదలద్దు" అన్న మాట మోసినదాన్ని, నిలవడమే తప్పని చెప్పే మనిషిని మొదటిసారి చూశాను.

సువర్చల అక్కడ ఒక తప్పు చేసింది. "పోనీ బొమ్మను చిన్న మేకుకు తగిలిద్దామా? మీరు పక్కన నిలబడండి, చాలు."

అవ్వ ముఖం మారిపోయింది. "మేకుకా? బిడ్డను గోడకు కొడతావా?" బొమ్మను పెట్టెలో పడుకోబెట్టి మూత వేసింది. "పో మ్మా. నాకు ఫోటో వద్దు, బడీ వద్దు. ఆడని బొమ్మను చూపిచ్చి ఆట నేర్పుతానని యెట్ల జెప్పేది?"

బస్సులో సువర్చల నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. కందిపప్పు సంచి ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూ ఉంది. దరఖాస్తుకు మంగళవారం ఆఖరు. అది శనివారం.

ఆదివారం మధ్యాహ్నం చంద్రమౌళి గారు భోంచేసి, చదువుతానని పేపరు పట్టుకుని సోఫాలో వాలారు. ఆయన వెనక కిటికీ, కిటికీలో ఎండ. సువర్చల ఎంగిలి పళ్లేలతో అటు వెళ్తూ ఆగిపోయింది. పళ్లేలు అక్కడే పెట్టేసి నన్ను లాక్కొచ్చింది. మూడు క్లిక్కులు. ఇరవై నిమిషాల తర్వాత లాప్‌టాప్‌లో చూస్తే అద్భుతం. వెనక వేపచెట్టులో ప్రతి ఆకూ ఉంది, ముందు ఆయన మీసంలో ప్రతి వెంట్రుకా ఉంది. మూడో చెయ్యి లేదు, రెండో ముక్కు లేదు. ఆయన నిద్రలో ఏ లోపమూ లేదు.

"ఏవండీ," అంది సువర్చల ఆయన్ని ఊపుతూ. "రేపు సెలవు పెట్టండి. మీతో పనుంది."

"నాతోనా?" ఆ ఇంటికి వచ్చాక ఆయన ఏ మాటా అంత ఆశ్చర్యంగా అనడం నేను వినలేదు.

సోమవారం మూడు గంటలకు ఓబుళమ్మ గుమ్మంలో నిలబడి సువర్చల ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "అవ్వా, మీ పెట్టెలో ఆ నిద్రపోయే రాక్షసుడు ఉన్నాడా? నెలల తరబడి పడుకునేవాడు?"

వాడి పేరెందుకు లెండి, ఇంటికొకడు ఉంటాడు.

అవ్వ ఆవిడ వంక చూసింది, నా వంక చూసింది, వెనకాల చెమట తుడుచుకుంటున్న చంద్రమౌళి గారి వంక చూసింది. పెద్దగా నవ్వింది. "వాడు పెట్టె అడుగున ఉండాడు మ్మా! మా మామ చేసిన బొమ్మ. తలుపంత ఉంటాడు. పదేండ్లాయ బయటికి తీసి."

"వాడు తెర మీద కదలకపోయినా తప్పు లేదు కదా?"

"వాడు కదిలితేనే తప్పు," అంది అవ్వ నెమ్మదిగా. తర్వాత వేలెత్తింది. "ఒక కట్టుబాటు ఉండాది. తెర మింద పండుకున్యోణ్ణి లేపకుండా తెర దించకూడదు. లేపల్లంటే నేనొకదాన్నే చాలను. మద్దెల గావల్ల, అరిసేటోళ్లు గావల్ల."

సువర్చల పక్కింటికి వెళ్లింది. నాగన్న దీపాల బుట్టకు రంగు వేస్తున్నాడు. ఏం చెప్పిందో నాకు వినపడలేదు గానీ, అతను కుంచె కడిగి, అటక మీంచి మద్దెల దించాడు. దాని మీద దుమ్ము ఊదినప్పుడు అతని ముఖం చూశాను. నాకు ఆ ముఖం తెలుసు. జిరాక్సు షాపులో నాదీ అదే.

నాలుగైంది. పంచె వెలిగింది. రాక్షసుడు అడ్డంగా పడుకున్నాడు, గుమ్మం ఈ చివర నుంచి ఆ చివరకు. పచ్చటి పొట్ట, ఎర్రటి మీసాలు, మూసిన కళ్లు. గాలికి పంచె ఊగుతుంటే సువర్చల కింది అంచు మీద రుబ్బురోలు పొత్రం దొర్లించి పెట్టింది. అవ్వ వాడి తల దగ్గర నిలబడి పుల్ల పట్టుకుంది.

"గురక లేకుంటే వాడు నిద్రపోతాండాడని ఎట్ల తెలుస్తాది?" అంది. "గురక గావల్ల. నేను పెడితే నా ముఖం కదులుతాది."

అందరూ చంద్రమౌళి గారి వైపు తిరిగారు. ఆయన గొంతు సవరించుకుని ప్రయత్నించారు.

"ఇది గురకా? పిల్లికి జలుబు జేసినట్లుండాది."

"కంగారు పడకండి," అంది సువర్చల కుర్చీ వేస్తూ. "కళ్లు మూసుకుని మీ ఆఫీసు మీటింగులో ఉన్నాననుకోండి."

మూడు నిమిషాలు పట్టలేదు. అసలు సిసలు గురక మొదలైంది, లోతుగా, తాళం తప్పకుండా. అవ్వ కళ్లు మెరిశాయి.

"విను పాపా," అంది సువర్చలతో గుసగుసగా. "మా మామ చెప్పేటోడు. వాడు ఊపిరి లోపలికి పీలుస్తాడు సూడు, పీల్చి కాసేపు అట్నే ఆపుతాడు. గురకకీ గురకకీ నడుమ. అపుడు లోకమంతా నిలిచిపోతాది, వాడు మల్లా విడిచేదాంక. ఆడ నేనూ ఊపిరి ఆపుతా. అది ఆటలో ఉండేదే. అపుడు నీ మూడూ కానీ."

ఎండ తెర అడుగు నుంచి జారిపోతోంది. మొదటి ఊపిరికి సువర్చల వేలు ఆలస్యమైంది. రెండో ఊపిరికి ఆయన నిద్రలో ఏదో లోను సంగతి గొణిగారు. మూడోసారి ఊపిరి లోపలికి వెళ్లింది, ఆగింది. అవ్వ ఆగింది. నాగన్న మద్దెల మీద అరచెయ్యి ఆపాడు.

సరిగ్గా అప్పుడే నా మూడో కాలు జారబోయింది. లోపలి గొట్టం ఒక వెంట్రుక మందం కదిలింది. ఇరవై రెండేళ్లు ఎవరెవరి పెళ్లిళ్లకో నిలబడ్డాను, ఈ ఒక్క ఊపిరికి పడితే నా బతుక్కి అర్థమేముంది? కుక్కరు రబ్బరు పళ్లు బిగబట్టి పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను.

క్లిక్. క్లిక్. క్లిక్.

గురక బయటికొచ్చింది. లోకం కదిలింది.

సువర్చల కెమెరా తీసి భద్రం చేసుకుని ఇంటికి పరిగెత్తవచ్చు. ఆఖరి బస్సు అయిదున్నరకు. ఆవిడ కదల్లేదు. "లేపండి అవ్వా," అంది.

అప్పుడు అవ్వ గొంతెత్తింది. మద్దెల మోగింది. వీధిలో దీపాల బుట్టలు చేసే వాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి గుమ్మం బయట మూగారు. తెరకు అటు నుంచి, ఇటు నుంచి అరుపులు: లేరా, కొండ తిన్నోడా, లేరా! సువర్చల పళ్లెం గరిటెతో వాయించింది. రాక్షసుడి పొట్ట కదిలింది, మీసం కదిలింది, ఒక చెయ్యి లేచింది. ఆ రెండు సెకన్లు అవ్వ ఒంట్లో ఆపిందంతా బొమ్మలోకి దూకింది. చివరికి రాక్షసుడు లేచాడు. వాడికంటే ఒక నిమిషం ఆలస్యంగా చంద్రమౌళి గారు లేచారు.

ఆ బస్సు తప్పిపోయింది. నాగన్న మోటారు సైకిలు మీద ఇద్దరినీ, మధ్యలో నన్నూ ఇరికించి, వేరే బస్సులు దొరికే పెద్దరోడ్డు దాకా దింపాడు.

మర్నాడు పొద్దున ఫోటో సిద్ధమైంది. మొదటి మేనత్త రాక్షసుడి రంగులన్నీ చెప్పింది. రెండో ఆవిడ గది చెప్పింది. మూడో ఆవిడ చీకట్లోంచి అవ్వ ముఖం తీసుకొచ్చింది, ముక్కుపుడక, కళ్ల కింద ముడతలు, బిగబట్టిన పెదాలతో సహా. ఒకే ఒక్క లోపం. మూలన అదే కోడి మూడు చోట్ల పొగలా ఉంది. కదలొద్దని దానికి ఎవరూ చెప్పలేదు. కోడిని చెరిపేయడం సువర్చలకు చేతనవును. చెరపలేదు. ఫోటో వెనక గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: "ఇది అతికించిన ఫోటో కాదు. ఒకే చోటు నుంచి, ఒకే ఊపిరిలో, మూడు వెలుగుల్లో తీసి కలిపినది. అనుమానముంటే కోడిని చూడండి."

మంగళవారం సాయంత్రం పట్నం ఆఫీసుకు తనే వెళ్లి ఇచ్చింది. కౌంటర్లో ఉద్యోగి ముందు చూశాడు, వెనక చదివాడు, మళ్లీ ముందు చూశాడు. "కోళ్లు మూడున్నాయా మేడం?"

"ఒక్కటేనండి. దానికి తొందరెక్కువ."

ఆయన ఓబుళమ్మ ముఖం మీద వేలు పెట్టాడు, బొమ్మ మీద వేలు పెట్టాడు. రెండింటికీ చెరో టిక్కు కొట్టాడు. నెల తర్వాత ఉత్తరం వచ్చింది. గురువు: ఓబుళమ్మ. సహాయకుడు, మద్దెల: నాగన్న.

ఇంతకీ నా సంగతి. ఆ బడి మొదటి నెలలోనే నా మూడో కాలు పూర్తిగా చేతులెత్తేసింది, కుక్కరు రబ్బరు కూడా తెగింది. ఇక కెమెరా మోయలేను. నన్ను ఇస్తారా అని ఈసారి అడిగింది అవ్వ. సువర్చల ఒక్క క్షణం నా మెడ పట్టుకుని నిలబడింది, తర్వాత ఇచ్చేసింది.

ఇప్పుడు నేను ఆ బడి పడమటి గుమ్మం పక్కన, ఇటుకల మధ్య పాతుకుని ఉంటాను. నాలుగు గంటలకు తెర ఒక చివర నా మెడకు కడతారు. పదకొండు మంది పిల్లలు బొమ్మలు పట్టుకుంటారు. ఎవరి చెయ్యయినా ఒక్క క్షణం నిలిచిపోతే అవ్వ అరుస్తుంది, "కదులు! కదులు! సంపేస్తివి గదరా దాన్ని!"

బతుకంతా నేను విన్నది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన మాట. మొదట్లో కాస్త ఇబ్బందిగా ఉండేది. ఇప్పుడు అలవాటైంది. నా పక్కన తెర మీద అన్నీ ఎగురుతాయి, దూకుతాయి, కొట్టుకుంటాయి. గాలి వచ్చినప్పుడు పంచె నన్ను గట్టిగా లాగుతుంది.

నేను కదలను.